ఐదో తీగలో ఊపు

ధర్మవరంలోకి గిటారు ఎప్పుడు వచ్చింది, ఎవరు నేర్పారు అని మాట వచ్చినప్పుడల్లా రైల్వే క్వార్టర్ల వాళ్ళను అడుగుతారు. గుంతకల్లు నుంచి బదిలీ మీద వచ్చి పోయిన డ్రైవర్ల పిల్లలను అడుగుతారు. నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. రైల్వే వాళ్ళ క్లబ్బులో గోడకు ఒక ఫోటో ఉండేది. గిటార్లు పట్టుకుని కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు, వాళ్ళ వెనక ఒక తెర. ఆ తెర ముడత పడకుండా పక్కనుంచి ఒక చెయ్యి లాగి పట్టుకుని ఉంటుంది. ఆ చెయ్యి నాది. నాకూ గిటారు వచ్చని, ఆ రోజు నేనూ గిటారు తీసుకుని వెళ్ళానని చెప్పడానికి ఆ ఫోటోలో ఇంకేమీ లేదు.

నాకు నేర్పినాయన రైల్వే స్టేషను పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన బతికే ఉన్నారు. ఇది చదివితే తన గురించేనని ఆయనకు తెలుస్తుంది, అది చాలు. గుంతకల్లులో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల దగ్గర గిటారు నేర్చుకుని వచ్చారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక క్వార్టర్ వరండాలో కూర్చుని వాయించేవారు. మా ఇంటి పట్టుచీరల మూట పార్సిల్ వేయడానికి స్టేషనుకు వెళ్తూ ఆ దారిలో నేను ఆ వాయింపు విన్నాను. యాభైల చివర అది. నాకు ఇరవై దాటింది, అప్పటికే సొంతంగా మగ్గం నేస్తున్నాను. నేర్పమని అడిగితే ఆయన నా అరచేతులు తిప్పి చూశారు.

"ఇవి మగ్గానికి పుట్టిన చేతులప్పా. గిటారు యాడ పట్టుకుంటాయి" అన్నారు.

అయినా వచ్చి కూర్చోమన్నారు. డ్రైవర్ల కొడుకులు ఇద్దరు బెంచీ మీద కూర్చునేవాళ్ళు. నేను మెట్టు మీద. బెంచీ మీద మూడో మనిషికి చోటు ఉండేది. నేర్చుకున్నన్నాళ్ళూ ఆ చోటు ఖాళీగానే ఉంది.

నా గిటారు ఒక డ్రైవరు బదిలీ అయిపోతూ పారేసి పోయింది. పొట్ట పగిలి ఉంటే వడ్రంగి చేత జిగురు పెట్టించాను. మొదట్లో వేళ్ళ కొసలు మండేవి. పోగులు పట్టి పట్టి గట్టిపడిన వేళ్ళే అయినా, తీగ కోసే చోటు వేరు. చూపుడువేలు అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒకేసారి అదిమే పట్టు ఒకటి ఉంది. అది చాలా రోజులు నాకు రాలేదు. ఒక తీగ మోగేది, పక్కది మూగగా ఉండేది. ఆయన చెప్పిన స్వరాల మెట్లు ఎక్కి దిగి వాయిస్తే అది మా భజన మందిరంలో హార్మోనియం మీద విన్న శంకరాభరణమే అని నాకు తోచింది. ఆ మాట అంటే, ఇది మీ భజన కాదు, వేళ్ళు చూసుకో అన్నారు. తర్వాతి వారం డ్రైవరు కొడుకు అదే మాట అన్నాడు. వాడితో, అవును, బాగా పట్టినావు అన్నారు.

అన్నిటికన్నా ముందు నేర్పింది శ్రుతి చేయడం. ఆ విషయంలో ఆయనకు వంక పెట్టను, బాగా నేర్పారు. లావు తీగను గిటారు మెడ మీద ఐదో మెట్టు దగ్గర అదిమి మీటాలి. దాని పక్కనున్న ఐదో తీగను వట్టిగా మీటాలి. రెండూ ఒకే స్వరం పలకాలి. పలకకపోతే ఆ రెండు శబ్దాల మధ్య ఒక ఊపు పుడుతుంది, గాలిలో ఏదో ఉయ్యాల ఊగినట్టు. తీగను బిగించే మర తిప్పుతూ దగ్గరికి తెస్తే ఊపు నెమ్మదిస్తుంది. సరిగ్గా కలిసిన చోట ఆగిపోతుంది. ఆ తర్వాత మిగతా తీగలన్నీ ఐదో తీగను బట్టి కలుపుకుంటూ పోవాలి.

"ఇంటాండావా? కలవకుంటే ఊపు ఉంటాది. కలిసినాయంటే సచ్చిపోతాది. అది సచ్చిందాకా మర వదలొద్దు" అనేవారు.

నాకు అది తొందరగా వచ్చింది. డ్రైవర్ల కొడుకులు మర అటు ఇటు తిప్పుతూ ఆయన ముఖం చూసేవాళ్ళు. నేను చూసేవాణ్ణి కాదు. ఊపు ఆగడం నా పళ్ళలో తెలిసేది.

అరవైల మొదట్లో వరుసగా వానలు పోయాయి. బత్తలపల్లె వైపు శెనక్కాయ మొలిచిన చోటే మాడింది. చీరలు కొనేవాళ్ళు లేక మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. పొద్దున లేస్తే మగ్గాల చప్పుడు, పడుకుంటే మగ్గాల చప్పుడు, దానిలోనే పుట్టి పెరిగిన వీధి మాది. అది ఆగిపోయాక మధ్యాహ్నాలు భరించడం కష్టమైంది. ఎండలో కాకులు నోరు తెరుచుకుని గోడ నీడన నిలబడేవి, అరిచేవి కావు. దుమ్ము సుడి ఒకటి వీధి ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి, ప్రతి వాకిలి ముందూ కాసేపు తిరిగి వెళ్ళేది. లోపల కూర్చున్నవాళ్ళు దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ రోజుల్లోనే నా గిటారు ఐదో తీగ తెగింది. అనంతపురంలో ఏ అంగట్లోనూ దొరకలేదు. బెంగుళూరు నుంచి తెప్పించుకో అన్నారు సారు. ఆయన వరండా గోడకు మేకు ఉంది, ఆ మేకుకు కొత్త తీగల చుట్ట వేలాడుతోంది. నేను దాన్ని చూడడం ఆయన చూశారు.

సరే, నేనే చేసుకుంటాను అనుకున్నాను. తెగిన తీగను విప్పి చూస్తే నడుమ సన్నని తీగ, దాని మీద రాగి తీగ దగ్గర దగ్గరగా చుట్టి ఉంది. నడుమ పట్టు పెట్టి, పైన జరీ చుట్టవచ్చు. జరీ అంటేనే పట్టుపోగు మీద వెండి చుట్టడం. మాకు తెలిసిన పనే. జరీ కొద్దిగా మిగిలి ఉంది కానీ ఇంట్లో పట్టు లేదు. ఉన్నది ఒక్కచోటే.

మా పెదనాయన అంతకు ముందు ఏడాది పోయాడు. ఆయనకు పిల్లలు లేరు. ఆయన మగ్గం వెనక గదిలో అలాగే ఉంది. చీర నేయడం అయ్యాక కోసేసినా, నిలువు పోగులైన పడుగు చివరి కొసలను పన్నెలో, అంటే పోగులు దూర్చే దువ్వెనలాంటి పలకలో, అలాగే వదిలేస్తాం. మగ్గం ఖాళీ చేయం. కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కొక్క కొత్త పోగును ఆ పాత కొసకు మెలిపెట్టి అతుకుతాం. మా ఇంట్లో మగ్గాలన్నీ అలా ముత్తాత నాటి నుంచి తెగకుండా వస్తున్నవే. పెదనాయన పోయాక ఆ మగ్గానికి కొత్త పడుగు రాలేదు. మూరెడు పోగులు పన్నె నుంచి వేలాడుతూ ఉండేవి. పెద్దమ్మ ఆ గదిలోనే పడుకునేది. నేను ఆమెనే అడిగాను.

"కోసుకో నాయనా. ఇంగ దాన్ని అతికేటోళ్ళు ఎవరుండారు" అంది.

కత్తెర ఆమే తెచ్చి ఇచ్చింది.

రాట్నం మీద మెలి ఎక్కించి, కొసలు అతికి పొడుగు చేసి, పైన జరీ చుట్టాను. మా ఇంటి పని కాబట్టి చెప్పకూడదు కానీ, అది మంచి తీగ. గిటారుకు ఎక్కించి ఆ గదిలోనే, నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంత పక్కన గోడకు ఆనుకుని శ్రుతి చేయడానికి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. ఇంట్లో అందరూ ముందు గదిలో పడుకుని ఉన్నారు.

లావు తీగ అదిమి మీటాను. కొత్త తీగ మీటాను. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పలికినట్టు మెత్తగా పలికింది. ఊపు వచ్చింది. మర తిప్పాను. నెమ్మదించింది. ఇంకొంచెం తిప్పాను. రెండు స్వరాలూ కలిశాయి. ఊపు ఆగాలి. ఆగలేదు.

లావు తీగను అరచేత్తో మూశాను. ఇప్పుడు మోగుతున్నది ఐదో తీగ ఒక్కటే. ఒక తీగ తనతో తాను కలవకపోవడం అంటూ ఉండదు. అయినా ఊపు ఉంది. దాన్నీ మూశాను. గది నిశ్శబ్దమైంది. మళ్ళీ మీటాను. మళ్ళీ వచ్చింది.

మెట్టుకు తగిలి చిటచిటలాడుతోందేమో అని కింద కాగితం మడిచి పెట్టాను. జరీ వదులైందేమో అని గోటితో గీసి చూశాను. మర బిగించాను, స్వరం పైకి పోయింది. వదులు చేశాను, స్వరం దిగింది. ఊపు వేగం మాత్రం ఎక్కడా మారలేదు. స్వరం మారితే ఊపు మారాలి. మారకపోతే అది తీగలది కాదు.

అప్పుడు శ్రుతి సంగతి వదిలేసి, ఊరికే విన్నాను. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా. తర్వాత ఒక ఎడం. ఆ ఎడంలో, నేల మీద ఏదో వెనక్కి లాగినట్టు సన్నని గీరుడు. మళ్ళీ రెండు దెబ్బలు.

మా వీధిలో పుట్టినవాడికి మగ్గం చప్పుడు వింటే నేసేది ఎవరో తెలుస్తుంది. గొంతు వింటే మనిషి తెలిసినట్టే అది. పెదనాయనకు కుడి మోకాలు బాగాలేదు. పన్నె రెండు సార్లు మెల్లగా కొట్టి, కాలు తొక్కుడు చెక్క మీద వెనక్కి ఈడ్చుకునేవాడు. ధర్మవరం అంతా వెతికినా అలా నేసేవాడు ఇంకొకడు లేడు.

గిటారు మంచం మీద పెట్టి బయటికి వచ్చేశాను. వాకిట్లో ఎండ తెల్లగా ఉంది. నా నీడ కాళ్ళ కిందే ఉంది. కాసేపు అక్కడే నిలబడి, లోపలికి తిరిగి వెళ్ళాను. భయపడి వదిలేసే రకం కాను నేను.

తర్వాతి రోజుల్లో ఆ తీగ మీటకపోయినా మోగడం గమనించాను. పక్క తీగల మీద స్వరాలు సాధన చేస్తుంటే అది తనంతట తాను కదిలేది. ఒక స్వరానికి తోటి తీగ పలకడం గిటారులో ఉన్నదే, సారే చెప్పారు. కానీ నేను వాయించడం ఆపాక అది ఆగేది కాదు. ఒకరోజు అలా ఆపి చూస్తున్నాను. పెద్దమ్మ లోపలికి వచ్చింది. చేతిలో చెంబు. మగ్గం గుంత అంచున, కుడి పక్కన, చెయ్యి చాపితే అందే చోట పెట్టింది. వానల్లేక బావి అడుగు కనిపిస్తున్న రోజులు. తాగే నీళ్ళు కూడా చూసి వాడుకుంటున్నాం.

ఎవరికి అని అడిగాను.

"మజ్జాన్నం అయితే నీళ్ళు అడిగేది ఎవరో నీకు తెలీదా" అంది.

"నీకు ఇనబడతాందా పెద్దమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది. వినబడనిది నాకే అన్నట్టు చూసింది. రోజూ మధ్యాహ్నం చెంబు పెట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆ నీళ్ళు తీసి తులసి మొక్కకు పోసేది. కొన్ని రోజులు పోయడానికి నీళ్ళు తక్కువగా ఉండేవి. ఎండకు ఇగిరిపోయాయని అమ్మ అంది. కావచ్చు. ఆ గదిలోకి ఎండ రాదు.

నాయన దాకా మాట పోయింది. అతకని పోగులు తెంపకూడదని, తెంపేముందు తనను ఒక్కమాట అడగాల్సిందని నా మీద మండిపడ్డాడు. గది గడప దాకా వచ్చి, లోపలికి మాత్రం రాలేదు. నన్ను వాయించమన్నాడు. వాయించాను. పెద్దమ్మ మగ్గం పక్కన కూర్చుని తల ఊపుతోంది. నాయన చాలాసేపు నిలబడ్డాడు. తనకేమీ వినబడలేదన్నాడు. ఆ తర్వాత అన్న మాటలు నాకు ఒక్కటి కూడా పోకుండా గుర్తున్నాయి.

"మీ ఇద్దరికీ ఇనబడతాంది, నాకు ఇనబడలేదు. ఎవరికి చెడిందో నాకు తెలీదు. మీ సారు దాన్ని వాయించేటోడు, తెలిసినోడు. ఆయప్ప దగ్గరికి తీసకపో. ఉండాది అన్నాడా, ఆ పోగులకు చేసేదేదో చేస్తాం, నువ్వు నేర్చుకుంటా ఉండు. లేదన్నాడా, ఆ గిటారు పెట్టె ఇంట్లో ఉండకూడదు. మా వదినను పామిడికి, వాళ్ళ తమ్మునింటికి పంపిస్తా. మతి చెదిరినోళ్ళను మగ్గం కాడ పెట్టుకోలేను."

ఇందులో ఇంకొకరు చెప్పేదేముంది అన్నట్టు పెద్దమ్మ నా గిటారు వైపు చూసింది. ఆమె ఆ ఇంట్లో ఉండడం, ఆ గదిలో ఉండడం, సారు నోటి నుంచి వచ్చే ఒక్క మాట మీద ఆగింది. నేను ధైర్యంగానే ఉన్నాను. ఊపు చచ్చేదాకా మర వదలొద్దని చెప్పిన మనిషికి చావని ఊపు వినబడకపోవడం ఉంటుందా?

ఆదివారం వెళ్ళాను. డ్రైవర్ల కొడుకులు ఇద్దరూ బెంచీ మీద ఉన్నారు. సారు చర్చి నుంచి వచ్చి, బూట్లు ఇంకా విప్పలేదు. తీగ నేనే చేశానని చెప్పాను. ఏ పోగులతో అన్నది చెప్పలేదు. మా పెదనాయన సంగతి చెప్పలేదు. ఇందులో ఊపు ఆగడం లేదు సార్, మీరు ఒకసారి చూడండి అని మాత్రం అన్నాను. ముందే చెప్పి ఆయన చెవికి దారి చూపించడం నాకు ఇష్టం లేదు.

ఆయన కుర్చీలో కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకున్నారు. లావు తీగ అదిమి మీటారు. ఐదో తీగ మీటారు. మర తిప్పారు. తల పక్కకు వంచి విన్నారు. ఇంకొంచెం తిప్పారు. నేను చేసినట్టే లావు తీగను అరచేత్తో మూశారు. అప్పుడు ఆయన కళ్ళు గిటారు మీది నుంచి లేచి నా మీదికి వచ్చాయి. నా వెనక ఎవరో నిలబడ్డట్టు నా భుజం మీదుగా చూశారు.

నేను ఆయన ముఖం ఎక్కువసేపు చూడలేదు. కింద చప్పుడు అయితే అటు చూశాను. ఆయన కుడి బూటు మడమ నేలను రెండు సార్లు కొట్టింది. ఆగింది. అరికాలు గచ్చు మీద వెనక్కి గీరుకుంటూ పోయింది. మళ్ళీ మడమ రెండు సార్లు. మళ్ళీ గీరుడు. ఆయనకు తెలియదు తన కాలు ఆడుతోందని. తీగ మోగినంతసేపూ ఆడింది. నేను చూస్తున్నానని గమనించాక ఆగింది.

ఆయన గిటారును బోర్లా తిప్పి చాప మీద పెట్టారు. జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు, ఒక్కొక్క వేలూ తుడుచుకున్నారు. నేను అడిగాను. ఉందా సార్ అన్నాను.

"ఏమీ లేదప్పా ఇందులో. నీకు చెవి లేదు, అంతే."

బెంచీ మీద నుంచి పెద్దవాడు అందుకున్నాడు.

"చెవి లేకుంటే ఏమిలే, తెర పట్టుకునేకి చేతులుండాయి కదా."

ఇద్దరూ నవ్వారు. సారు నవ్వలేదు. ఇక రావద్దని, తనకు ఆఫీసులో పని పెరిగిందని చెప్పి లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. మిట్టమధ్యాహ్నం, ఆ ఉక్కలో, తలుపు వేసుకున్నారు.

నేను అబద్ధం చెప్పి ఉండవచ్చు. సారు విన్నారు, ఉందన్నారు అని నాయనతో చెబితే నమ్మేవాడు. అది నా వల్ల కాలేదు. ఆయన అన్న మాటే చెప్పాను. కాలు సంగతి కూడా చెప్పాను. కాలుతో నాకేం పని, నోటితో ఏమన్నాడో చెప్పు అన్నాడు నాయన. ఆ సాయంత్రమే తీగ కోసి, జరీ విప్పి, పట్టును గుంతలో వేశాడు. మగ్గం పీకి, గుంతను మట్టితో పూడ్చాడు. గిటారును వడ్రంగికి ఇచ్చేశాడు. పెద్దమ్మను నేనే బస్సులో పామిడికి తీసుకుపోయాను. పెన్నలో నీళ్ళు లేవు, వంతెన కింద ఇసుక మెరుస్తోంది. దారి పొడుగునా ఆమె అడిగింది ఒక్కటే, మధ్యాహ్నం చెంబు ఎవరు పెడతారు అని. నేను పెడతానన్నాను. పూడ్చిన గుంత మీద చెంబు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. అయినా పెట్టాను. మరుసటి ఎండాకాలం దాటకుండా ఆమె పోయింది. మతి చెదిరి పోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు.

ఆ ఆదివారం తర్వాత సారు వరండాలో ఎవరూ గిటారు వినలేదు. డ్రైవర్ల కొడుకులకు కూడా నేర్పలేదు. కొన్నాళ్ళకు గుంతకల్లుకు బదిలీ అడిగి తీసుకున్నారు. అక్కడా వాయించరని విన్నాను.

నేను వదల్లేదు. ప్లాట్‌ఫారం మీద కనబడితే అడిగాను. బండి వస్తోంది పక్కకు జరుగు అన్నారు, రావడానికి ఏ బండీ లేదు. ఒక పెళ్ళిలో పక్కన కూర్చుని అడిగాను. గార్లదిన్నె వైపు వానలు పడ్డాయట కదా అని ఇంకెవరితోనో మాట కలిపారు. గుంతకల్లులో ఇంటికి వెళ్ళాను. నాన్న పడుకున్నాడని కూతురు చెప్పింది. లోపలి గదిలో బూట్లు నడుస్తున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నాకు చెవి లేదన్న మనిషి ఇంట్లో.

సార్, బెంచీ మీద చోటు ఇవ్వనందుకు నేను అడగడం లేదు. మేకుకున్న తీగల చుట్ట ఇవ్వనందుకూ అడగడం లేదు. మీరు మా వీధికి ఎన్నడూ రాలేదు. మా పెదనాయనను చూడలేదు, ఆయన మగ్గం ఆడగా వినలేదు. ఆయన కాలు ఎలా ఈడ్చుకునేవాడో మీకు చెప్పినవాళ్ళు లేరు. మరి మీ కాలికి అది ఎలా తెలిసింది? నాకూ పెద్దమ్మకూ మతి చెదిరిందని మా ఇంట్లో తీర్పు అయిపోయింది, మీ మాట మీద. ఆమె ఆ తీర్పుతోనే పోయింది. నేను ఇంకా ఉన్నాను, మీరూ ఉన్నారు. నాయన కూడా ఉన్నాడు, అడిగితే ఇప్పటికీ మీరు అన్న మాటే చెబుతాడు. వచ్చి మా నాయన ముందు చెప్పండి, లేదా ఎవరి చేతనైనా చెప్పించండి. ఆ పొద్దు మీకు వినబడిందా, లేదా?